ఒకే కీ, పందొమ్మిది కంప్యూటర్లు

స్టోర్ కీపర్ ఉద్యోగం అంటే తాళాల గుత్తి నడుముకు దోపుకుని తిరగడమే అని మీరనుకుంటే తప్పు మీది కాదు. నేనూ అట్లా అనుకునే చేరాను. ముప్పై ఏళ్లు దాటాక తెలిసిందేమిటంటే, అందులో తాళాలది చిన్న పని, అడగడం పెద్ద పని. వచ్చిన వస్తువు ఏమిటి, ఎట్లా ఉంది, ఎందుకింత చౌకగా వచ్చింది? ఈ మూడూ అడగనివాడు స్టోర్ కీపర్ కాడు, ఉత్త కాపలాదారు. కొత్తగా చేరిన పిల్లలు ఎవరొచ్చి అడిగినా ఇదే చెప్పేవాణ్ణి. ఇప్పుడు దీనికి ఇంకొకటి కలపాల్సి వచ్చింది. అది ఎట్లా కలిసిందో చెప్తాను.

ఆ మూడు ప్రశ్నలూ నాకు మా నాయన దగ్గర అబ్బినవి. నాయన యాడికి అనే ఊళ్లో ఒక వేరుశనగ వ్యాపారి దగ్గర సరుకు చూసే పని చేసేవాడు. రైతు మూట దించితే మూతి దగ్గర కాయను ముట్టుకునేవాడు కాదు. ఆయన దగ్గర ఒక ఇనుప గొట్టం ఉండేది. దాన్ని మూట నడుములో గుచ్చి, లోపలి కాయ బయటికి లాగి, చెవి దగ్గర ఆడించి, వొలిచి, గింజ కొరికి అప్పుడు మాట చెప్పేవాడు. "మూతికాడ చూసి కొనేవోడు కొనేవోడు కాదురా, మోసపోయేవోడు" అనేవాడు. మూతి దగ్గర మంచి కాయ పేర్చి, కింద తాలు నింపేవాళ్లు ఎక్కడైనా ఉంటారు.

అంత చెప్పిన మనిషికి కొడుకుగా పుట్టి కూడా నేను మూతి దగ్గరే చూసి మోసపోయాను. అదీ వేరుశనగలో కాదు. చేతికి తగలదు, బరువు ఉండదు, ఎలుకలు కొట్టవు, అట్లాంటి సరుకులో.

మాది కళ్యాణదుర్గంలో ఒక ట్రస్టు నడిపే చిన్న శిక్షణ కేంద్రం. కుట్టుపని, కరెంటు పని, కంప్యూటర్ నేర్పేవాళ్లం. కంప్యూటర్ మేడం నాకంటే పదిహేనేళ్లు చిన్నది. ఆదివారం చర్చిలో పాటలు పాడే గొంతు ఆమెది. క్లాసులో అదే గొంతు పైకి లేస్తే పక్కగదిలో కుట్టుమిషన్లు ఆగేవి. ఆమె ఐదేళ్లుగా ఒకటే పట్టు మీద ఉంది. ఆన్‌లైన్ పరీక్షల కేంద్రం మా దగ్గరికే రావాలి. మా పిల్లలు పరీక్ష రాయడానికి తెల్లవారకముందే లేచి అనంతపురం పోవడం ఆమెకు గిట్టేది కాదు.

దానికి కారణం ఉంది. అంతకు ముందు ఏడాది, వజ్రకరూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటున్న ఒక అమ్మాయి ఎక్కిన బస్సుకు దారిలో టైరు పగిలింది. గొర్రెలు కాసేవాళ్ల బిడ్డ, ఆ బ్యాచిలో అందరికంటే చురుకు. పరీక్ష గేటు దగ్గరికి పన్నెండు నిమిషాలు ఆలస్యంగా చేరింది. గేటు మూసేశారు, ఎంత బతిమాలినా తియ్యలేదు. ఆ కోర్సు నియమం ప్రకారం ఆమెకు ఇంకొక్క అవకాశమే మిగిలింది. అదీ పోతే రెండేళ్ల చదువు గంగలో కలిసినట్లే. మళ్లీ ఆ బస్సు నమ్ముకుని ఆమెను పంపకూడదని మేడం పంతం.

అంతలో నగరంలో ఒక సంస్థ తన పాత కంప్యూటర్లు ఇరవై మాకు ఊరికే ఇచ్చింది. ఇచ్చేముందు డిస్కులన్నీ తుడిచేశారు. ఆపరేటింగ్ సిస్టం లేని కంప్యూటర్ మోటారు లేని బోరుబావి, ఎంత లోతుంటే ఏం లాభం? పరీక్ష కేంద్రానికి అనుమతి కావాలంటే ప్రతి దాంట్లోనూ అసలైన లైసెన్సు ఉండి తీరాలి. అనంతపురంలో డీలర్ చెప్పిన ధర విని ప్రిన్సిపాల్ సార్ నీళ్లు తాగాడు. ఇంటర్నెట్‌లో వెతికితే అదే సరుకు అందులో పదోవంతుకు కనబడింది.

"ఇంత తక్కువకు ఎట్లిస్తాండారన్నా?" అంది మేడం.

"అదే నాకూ తెలుసుకోవాలని ఉండాదమ్మా" అన్నాను.

ప్రిన్సిపాల్ సార్‌కు నమ్మకం కుదరలేదు. "ఇదేమన్నా వాన పడితే వజ్రకరూరు చేలల్లో దొరికే వజ్రపు రాయా? ఎవడప్పా ఊరికే ఇచ్చేది?" అన్నాడు.

నాకేమో ఒళ్లంతా ఆసక్తి. ఆ వెబ్‌సైటులో ఉన్న నంబరుకు ఫోను చేశాను. ఎత్తినవాడి మాట తేనె. "డబ్బా లేదు సార్, డిస్కు లేదు, షాపుకు అద్దె లేదు. మేం పంపే లైసెన్సు కీ అంటే ఇరవై అయిదు అక్షరాలే కదా, అందుకే చవక" అన్నాడు. ఆ మాట నాకు తెగ నచ్చింది. ముప్పై ఏళ్లుగా నట్లూ బోల్టులూ, దారపు ఉండలూ, బల్బులూ లెక్కబెట్టినవాణ్ణి. ఇరవై అయిదు అక్షరాలే సరుకు అంటే దాన్ని బీరువాలో ఏ అరలో పెట్టాలి? అక్షరాల్లో మంచివి, పుచ్చువి ఉంటాయా? రెండు రోజులు ఇదే ఆలోచన.

విత్తనం కొనేముందు తడిగోనెలో పది గింజలు చుట్టి మొలక చూసే దేశం మాది. కాబట్టి ముందు ఒక్కటి తెప్పించాం. పది నిమిషాల్లో మెయిల్‌లో వచ్చింది. మేడం దాన్ని కొట్టగానే తెర మీద పచ్చ గుర్తు పడింది, యాక్టివేట్ అయిందని. నేను కాగితం మీద రాసుకుని బీరువాలో పెట్టాను.

"స్టాకు యాడప్పా?" అని అడిగాడు ప్రిన్సిపాల్ సార్.

"ఈ చీటీ మీద ఉండాది సార్."

"ఈ చీటీకా మనం దుడ్లిచ్చింది!" అని ఆయన దాన్ని వెనక్కి తిప్పి చూశాడు, వెనకవైపు ఇంకేమైనా ఉంటుందేమోనని.

మేడం అంతటితో ఊరుకోలేదు. తెర మీద నల్ల కిటికీ ఒకటి తెరిచి ఏదో కమాండు కొట్టింది. లైసెన్సు ఏ రకమో అది చెప్తుందట. "రీటెయిల్" అని వచ్చింది. అంటే చిల్లరగా ఒక్కొక్కరికి అమ్మే రకం, ఒక కంప్యూటర్‌కు ఒకటి. సరిగ్గా మేము కొన్నదే. ఆ తర్వాత రెండు వారాలు నేను స్టోర్ తలుపు తెరవకముందే ల్యాబుకు పోయి ఆ పచ్చ గుర్తు ఉందా లేదా అని చూసి వచ్చేవాణ్ణి. అది నిక్షేపంగా ఉంది. మొలక వచ్చింది కదా అని మిగతా పందొమ్మిదికీ ఆర్డరు పెట్టాను. కాగితం మీద సంతకం నాదే.

ఈసారి మెయిల్‌లో పందొమ్మిది కీలు రాలేదు, ఒక్కటే వచ్చింది. అదే అన్నింట్లోనూ కొట్టమని కింద రాశారు.

"మొదటిది ఒకదానికి ఒకటే అన్నారు కదన్నా. ఇప్పుడు పందొమ్మిదింటికీ ఒకటేనా?" అంది మేడం.

నేను ఫోను చేశాను. "మీది హోల్‌సేల్ ఆర్డరు కదా సార్, అందుకే మీకు సులువుగా ఉంటుందని" అన్నాడు తేనెమాటవాడు. నాకు సబబుగానే తోచింది. "మూట కొన్నాక కాయకాయకూ చీటీ కడతారా అమ్మా?" అని నా జోకుకు నేనే నవ్వాను.

"అన్నిట్లోనూ ఆ కమాండు కొట్టి చూద్దామన్నా, ఒక గంట పని" అంది.

"పచ్చ గుర్తు పడినాక ఇంకేంది చూసేది? పిల్లోళ్లు రెండు నెల్లనుంచి కాసుకోనుండారు. క్లాసులు మొదలుపెట్టమ్మా."

ఆమె నా మొహం చూసి, సరేనని కీ కొట్టడం మొదలుపెట్టింది. పందొమ్మిదింటిలోనూ పచ్చ గుర్తు పడింది. సరుకు చూడటంలో నా చేతికి తిరుగులేదని ఆ కేంద్రంలో అందరికీ నమ్మకం. అందరికంటే ఎక్కువ నాకే ఉండేది.

మూడు నెలలు కంప్యూటర్లు ఎక్కడా మొరాయించలేదు. పరీక్షలవాళ్ల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, ఫలానా రోజు అధికారి వచ్చి చూస్తాడని. దానికి రెండు రోజుల ముందు మధ్యాహ్నం మేడం స్టోర్ గుమ్మంలో నిలబడింది. అధికారి రాకముందే అన్నీ తనే ఒకసారి సరిచూస్తోందట.

"అన్నా, ఒకసారి ల్యాబుకాడికి రాండి."

మొదటి కంప్యూటర్‌లో ఆ కమాండు కొట్టి చూపించింది. రీటెయిల్. రెండో దాంట్లో కొట్టింది. "వాల్యూమ్" అని ఇంకేదో వచ్చింది. మూడోది, నాలుగోది, వరసగా మూల వరకూ అదే. అది పెద్ద సంస్థలు తమ సొంత కంప్యూటర్లకోసం తీసుకునే రకమట, బయట అమ్మడానికి వీల్లేదట. నేను తేనెమాటవాడికి ఫోను చేశాను. నంబరు వాడుకలో లేదు. వెబ్‌సైటు పేరు కొడితే తెల్లటి పేజీ వచ్చింది.

అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను. మూతి దగ్గర ఒక మంచి కాయ, కింద అంతా వేరే. నన్ను ఇంత పాత మోసంతో కొట్టారే అని సిగ్గేసింది.

ముగ్గురం ప్రిన్సిపాల్ గదిలో కూర్చున్నాం. ఆయన చెడ్డవాడు కాదు, పిల్లల గురించే ఆలోచించాడు. "పచ్చ గుర్తు ఉండాది కదప్పా. వచ్చినాయన ఇరవై చూస్తాడా? ఒకటో రెండో చూసి టీ తాగి పోతాడు. నువ్వు నోరు మూసుకోనుంటే చాలు" అన్నాడు. నేను సరేనన్నట్లే తల ఊపాను. నిజం చెప్పడానికి ఇప్పుడు భయమెందుకు, ఊపాను.

అధికారి చెప్పిన రోజుకే వచ్చాడు. సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. గేటు చూశాడు, కెమెరాలు చూశాడు, కరెంటు పోతే ఎంతసేపు నడుస్తాయో బ్యాటరీలు చూశాడు. అన్నింటికీ తల ఊపాడు. తర్వాత ల్యాబులోకి వచ్చి తలుపు పక్కనున్న మొదటి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఎవరొచ్చినా అక్కడే కూర్చుంటారు, ఫ్యాను గాలి బాగా తగిలేది అక్కడే. నల్ల కిటికీ తెరిచి ఆ కమాండు తనే కొట్టాడు. రీటెయిల్ అని వచ్చింది. రాసుకున్నాడు. పెన్ను మూత పెడుతూ, "మిగతా పందొమ్మిదీ ఇలాంటివేనా?" అన్నాడు. సంతకం నాది కాబట్టి నన్నే అడిగాడు.

"ఆ" అంటే అయిపోతుంది. ప్రిన్సిపాల్ సార్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మేడం చీర కొంగు వేలికి చుట్టి విప్పి మళ్లీ చుడుతోంది. నాకు ఆ అమ్మాయీ, ఆ గేటూ గుర్తొచ్చాయి. ఆ "ఆ" నా నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే నేనెక్కడ నిలబడి ఉన్నానో నాకు కనబడింది. మూతి దగ్గర మంచి కాయ చూపించి, కొనేవాడి చెయ్యి లోపలికి పోకుండా మాటల్లో పెట్టేవాళ్లను చిన్నప్పుడు నాయన పక్కన నిలబడి ఎంతమందిని చూశానో. ఈసారి ఆ మూట నాది.

"కాదు సార్" అన్నాను. "ఇదొక్కటే మంచిది. ఆ మూలది చూడండి."

ప్రిన్సిపాల్ సార్ దగ్గాడు. అధికారి లేచి మూలకు వెళ్లాడు. అది చూశాడు, ఇంకో అయిదు చూశాడు. నేను ఆర్డరు దగ్గర్నుంచి తెల్లటి పేజీ దాకా ఉన్నదున్నట్లు చెప్పాను.

"ఇవి మీ కేంద్రం పేరు మీద లేవు. నేను ఒప్పుకోలేను" అన్నాడు. "అడిగితే చెప్పారు కాబట్టి మోసం అని రాయను, ఇంకా సిద్ధంగా లేరని రాస్తాను. వచ్చే ఏడాది మళ్లీ దరఖాస్తు పెట్టుకోండి." గుమ్మం దాటబోతూ ఆగి, "అయినా, సిస్టం తయారుచేసే కంపెనీయే శిక్షణ కేంద్రాలకు సగానికి సగం తగ్గించి ఇస్తుంది కదా. మీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం రాసి అడగలేదా?" అన్నాడు.

మేము ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ప్రపంచమంతా వెతికాం కానీ, తయారుచేసినవాణ్ణి అడగాలని ఒక్కరికీ తట్టలేదు.

ఆయన వెళ్లాక మేడం ల్యాబులోనే కూర్చుని ఏడ్చింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను, లోపలికి పోవడానికి మొహం చెల్లలేదు.

"ఐదేండ్లన్నా" అంది. "ఐదేండ్లు కాగితాలెత్తుకోని తిరిగినా. ఈ పొద్దు నిజం చెప్పినారని నాకు కోపం లేదు. మీరు చెప్పకపోతే నేనే చెప్పేదాన్నేమో. ఆ పొద్దు గంట పని, చూద్దామంటే నవ్వితిరే, దానికి కోపం."

"తప్పు నాదేనమ్మా" అన్నాను.

ఆ వారమే పందొమ్మిదింటినీ తుడిచేశాం. ఊరికే దొరికే వేరే సిస్టం వేసి మేడం క్లాసులు నడిపింది. ఉత్తరం రాశాం. మరుసటి ఏడాది, నేను రిటైరయ్యే నెలలో, అసలైన లైసెన్సులు ఇరవై వచ్చాయి. కాగితం మీద మా కేంద్రం పేరు అచ్చువేసి ఉంది. అనుమతీ వచ్చింది. కానీ అధికారి కాదన్న ఏడాది పరీక్ష మాత్రం మళ్లీ అనంతపురంలోనే జరిగింది.

పరీక్ష రోజు మొదటి బస్సుకు నేనూ పోయాను. నన్నెవరూ రమ్మనలేదు. పరీక్షలకు పిల్లలు ఎప్పుడూ ఎక్కే బస్సుకంటే ఒక బస్సు ముందరిది అది. అందరినీ దానికే ఎక్కించాను. దారంతా నా చెవి టైర్ల చప్పుడు మీదే. ఏమీ కాలేదు, రెండు గంటల ముందే గేటు దగ్గర దిగాం. ఎదురుగా బండి మీద బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తీసిచ్చాను. గొర్రెలవాళ్ల అమ్మాయి పొట్లం తీసుకుని బజ్జీ మాత్రం నాకే తిరిగిచ్చింది, పరీక్షలో కడుపు మండితే కష్టమని.

"మీరెందుకొచ్చినారు సార్?" అంది.

"టైరు పగిలితే బస్సు తోసేకి."

పకపకా నవ్వింది. తింటూ తింటూ, "ఆ పందొమ్మిది లైసెన్సులూ మంచివి కావని ముందే ఎట్ల తెలుసుకోవాల సార్?" అని అడిగింది. నేర్చుకునే పిల్ల కదా, అడిగితే నాకు సంబరం. మా నాయన సంగతి, ఇనుప గొట్టం సంగతి, మూతి దగ్గర కాయ సంగతి అంతా చెప్పాను. "నేను అన్నీ గుచ్చి చూసింటే ఆ పొద్దే దొరికేవమ్మా" అని ముగించాను.

ఆమె ఒప్పుకోలేదు. "గుచ్చినా కాయ బాగానే ఉండాది కదా సార్. మూడు నెల్లు వాటి మీదనే నేర్చుకుంటిమి. ఒక్కటన్నా ఆగిందా? అవి తాలు కావు."

"మరి?"

"మా నాయన సంతలో గొర్రెను కొనేటప్పుడు ముందు నోరు తెరిచి పండ్లు చూడడు సార్. చెవి చూస్తాడు."

"చెవి ఎందుకమ్మా?"

"చెవికి కోత ఉంటాది కదా. ఒక్కో మందకు ఒక్కో తీరు. గొర్రె ఎంత బాగుంటే ఏమి, ఎంత చవగ్గా వస్తే ఏమి? ముందు అది ఎవరిదో తెలియల్ల. తెలీకుండా తోలుకొస్తే, పాపం, ఆడ ఎవరో దాని కోసం తిరుగుతాంటారు." పొట్లం కాగితం మడిచి చేతిలో పెట్టుకుని నా వైపు తిరిగింది. "ఆ పందొమ్మిదీ ఎవరివి సార్?"

అంతలో గేటు తెరిచారు. ఆమె నా జవాబు కోసం ఆగలేదు, హాల్ టికెట్ పట్టుకుని అందరికంటే ముందు లోపలికి పోయింది. నేను బజ్జీ చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఏమిటి, ఎట్లా ఉంది, ఎందుకింత చౌక? ముప్పై ఏళ్లు ఇవే అడిగాను. ఎవరిదని ఒక్క వస్తువునూ అడిగిన గుర్తు లేదు. కీ కొట్టినప్పుడు పచ్చ గుర్తు పడింది, నాకు అదే చాలింది.

ఆమె ఆ పరీక్ష పాసయింది. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటోంది. ఆ పందొమ్మిదీ ఎవరివో నాకు ఇప్పటికీ తెలియదు.